చిట్టా యెచ్చట నున్నది?



పటేలు పట్వారీల కాలమును మీలో పలువు రెరుగుదురు. పట్వారీ పొరుగూరి కేగిన దినమున పహాణీ యెచ్చట నున్నదో తెలియక రైతు గడపగడపకు తిరుగుటయు నెరుగుదురు. నేడు నేను విన్నవించునది యట్టి దస్త్రము సంగతియే. అయితే అది కాగితముపై వ్రాసినది గాదు.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు పడమటి దిక్కున లాడ్ బజారు కలదు. అచట లక్క గాజులమ్ము నొక యంగడివారికి నేను వెబ్‌సైటు కట్టి యిచ్చితిని. ఏ గాజులు ఎన్ని జతలున్నవి, ఎవరికి పంపవలెను, వారి విలాసమేమి, ఫోను సంఖ్య యేమి, ఇవన్నియు డేటాబేసు అను చిట్టాలో నుండును. వెబ్‌సైటు అంగడి ముంగిలి వంటిది. ఎవ రేమడిగినను అది లోనికి పోయి చిట్టా చూచి వచ్చి చెప్పవలెను. ఆ చిట్టాకు నేను వాడినది 1995లో వెలువడిన మైసీక్వెల్.

మా యింట నొక్క కంప్యూటరులోనే ముంగిలియు చిట్టాయు నుండెను. కావున చిట్టా విలాసముగా 'లోకల్‌హోస్ట్' అని వ్రాసితిని. 'ఈ యింటిలోనే' యని దాని భావము, అంకెలలో 127.0.0.1. నెలదినములు నిరాటంకముగ నడచినది.

రంజాను దగ్గరపడినది. సేటుగారు త్వరపెట్టిరి. వెబ్‌సైటును క్లౌడునకు చేర్చితిని. క్లౌడనగా మేఘము గాదు. ఒరుల కంప్యూటర్లను అద్దెకు దీసికొనుట. అమెజాన్‌వారు 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతముననే యట్టి కేంద్రములను తెరచిరి. ముంగిలి కొక యంత్రమును, చిట్టాకు వేరొక యంత్రమును అద్దెకు గొంటిని. తెరచి చూడగా, చిట్టాతో సంబంధము కుదరలేదని వచ్చినది!

పట్నమున అద్దె కున్న కుమారునకు 'బియ్యము ఈ యింటి యటుకపై నున్నవి' అని జాబు వ్రాసిన, అతడు తానున్న యింటి యటుకనే వెదకును గదా. నా వ్రాత యట్టిదే. 'ఈ యిల్లు' అను మాట పలికినవాని చోటునుబట్టి మారును. చిట్టా యున్న యంత్రము పేరును స్పష్టముగ వ్రాసితిని.

ఈసారి వెంటనే తిరస్కారము రాలేదు. చాలసేపు నిశ్శబ్దము, పిదప గడువు దాటినదను మాట. ఈ రెంటికిని భేదము గమనింపదగినది. వెంటనే కాదన్నచో, ఆ యింటికి చేరితిమి గాని ఆ తలుపు దగ్గర పలుకువారు లేరని తరచుగా నర్థము. బదులే రానిచో త్రోవలో కావలివాడు ఆపియుండవచ్చును. మైసీక్వెల్ తలుపు సంఖ్య సామాన్యముగ 3306. ఆ తలుపునకు కావలి యుండెను.

అర్ధరాత్రమైనది. విసుగున నేను కావలివానితో 'ఎచ్చటినుండి యెవరు వచ్చినను రానిమ్ము' అంటిని. వెబ్‌సైటు తెరచుకొన్నది. హాయిగ నిద్రించితిని.

తెల్లవారి రాకపోకల నమోదు చూడగా గుండె ఝల్లుమన్నది. ఎవరో యపరిచితులు పేరుమీద పేరు, సంకేతపదముమీద సంకేతపదము ప్రయోగించి తలుపు తోయుచుండిరి. ఇట్టివారిలో పెక్కురు మనుష్యులు గారు, తెరచిన తలుపులకై లోకమంతయు గాలించు యంత్రములు. ఎవరును లోనికి వచ్చిన జాడ లేకుండుట నా పుణ్యము.

వెంటనే తలుపు మూసి, వెబ్‌సైటు యంత్రమునకు మాత్రమే ప్రవేశ మిచ్చితిని. సంకేతపదమును ప్రోగ్రాము వ్రాతలోనే యుంచి, దాని నకలు నొక మిత్రునకు గూడ నిచ్చియుంటిని. అదియు మార్చి, క్రొత్తదానిని వ్రాతలో గాక యంత్రపు అమరికలలో వేరుగ దాచితిని. ఇట్లు చేసిన రేపు యంత్రము మారినను ప్రోగ్రామును ముట్టనక్కరలేదు.

జరిగినది దాచుట న్యాయము గాదని తోచి, సేటుగారికి చెప్పితిని. ఆయనకు అంకెలతో పని లేదు. "మన బేరానికి వచ్చిన ఆడపడుచుల యిండ్ల గుర్తులు ఎవరైన చూచిరా?" అని మాత్రమడిగిరి. చూచిన జాడ లేదంటిని. కొంతసేపూరకుండి, రంజాను బేరము పోయిన పోనిమ్మని, తాళము సరిగ నున్నదని నేను మరియొకరిచే చూపించువరకు వెబ్‌సైటు మూసియుంచుమనిరి. రెండు దినములు మూసియే యుంచితిమి.