తీర్పు రోజుకు ముందూ వెనకా
(దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల మృతుల స్మారకోపన్యాసం)



2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాప్ దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర నిమిషాల తేడాతో బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. ఆ రాత్రి ప్రతి పత్రికా ఇక్కడే ఉంది. ఆ తర్వాత పన్నెండేళ్లు కేసు వెంట నడిచింది మాత్రం కోర్టు విలేఖరులే. వారి పని గురించే ఈ నాలుగు మాటలు.

మలక్‌పేట, సరూర్‌నగర్ ఠాణాల్లో విడివిడిగా నమోదైన కేసులు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్లాయి. విచారణ చర్లపల్లి జైలు ఆవరణలో జరిగింది. ఎల్బీనగర్ కోర్టులోకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నట్టు అక్కడ ఎవరు పడితే వారు కూర్చోలేరు. 157 మంది సాక్షులు ఏం చెప్పారో తెలుసుకోవడానికి జనానికి విలేఖరి రాతే ఆధారం.

2016 డిసెంబర్ 13న ప్రత్యేక కోర్టు ఐదుగురిని దోషులుగా తేల్చింది. ఉరిశిక్ష వేసింది 19న. ఈ ఆరు రోజుల వ్యవధి ఎందుకని చాలామంది అడిగారు. నేరం రుజువయ్యాక, ఎంత శిక్ష వేయాలన్నదానిపై దోషి చెప్పుకునేది కూడా వినాలని చట్టం. అంతేకాదు, కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు చేయకూడదు. 19వ తేదీతో అంతా ముగిసిందని రాసిన విలేఖరి బాధితులను కూడా తప్పుదారి పట్టించినట్టే. హైకోర్టు ఆ శిక్షను ధ్రువీకరించింది 2025 ఏప్రిల్ 8న. ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. ఏ మెట్టు మీద ఉన్నామో జనానికి సరిగ్గా చెప్పడమే ఈ వృత్తికి ప్రాణం.

ఆ చెప్పే హక్కు కోసం విలేఖరులు కోర్టు మెట్లెక్కిన సందర్భాలున్నాయి. ఒక సాక్షి వాంగ్మూలం అచ్చువేయవద్దని బాంబే హైకోర్టు అంటే, బ్లిట్జ్ పత్రిక విలేఖరి నరేష్ మిరజ్‌కర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన పిటిషన్‌ను కొట్టేసింది. బహిరంగ విచారణే సూత్రమని మాత్రం గట్టిగా చెప్పింది. 2012లో సహారా కేసులో, న్యాయ విచారణకు నిజంగా ముప్పుంటే కొంతకాలం ప్రచురణను వాయిదా వేయించవచ్చని అదే కోర్టు అంది. ఈ రెండు తీర్పులూ కోర్టు బీటుకు వెళ్లే ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ చదివి తీరాలి.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. కేసు గురించి రాయడం మొదలుపెట్టిన విలేఖరినే చివరిదాకా ఉంచండి. బీటు మార్చిన ప్రతిసారీ కేసు జ్ఞాపకం తెగిపోతుంది. అరెస్టును మొదటి పేజీలో వేసినప్పుడు, రేపు ఆ మనిషి నిర్దోషిగా బయటికొస్తే ఆ వార్తనూ అదే పేజీలో వేయండి. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో రోజూ వాయిదా తేదీ రాయించుకుని వెనుదిరిగే మామూలు మనిషికి కూడా, దిల్‌సుఖ్‌నగర్ కేసుకు దక్కినంత ఓపిక మన పత్రికల్లో దక్కాలి. ఈ 18 మంది పేరు చెప్పుకుని మనం చేయాల్సిన పని ఇదే.