వెలుతురు సోకితే నీలమయ్యే రాయి



మన దీవిలో సముద్రపు గాలికి ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీరు చూసే ఉంటారు. తుప్పు పట్టిన ఇనుము ఎర్రబారుతుంది. కాని గాలీ వెలుతురూ సోకినప్పుడు నీలంగా మారే ఇనుప ఖనిజం ఒకటి ఉంది. దాని పేరు వివియనైట్.

ఇందులో ఇనుము, ఫాస్ఫేట్, నీరు కలిసి ఉంటాయి. ఫాస్ఫేట్ అంటే కొత్త వస్తువేమీ కాదు. చెరకు చేలకు వేసే ఎరువులో ఉంది, మన ఎముకలలోనూ ఉంది. ముందు ఏర్పడిన ఖనిజాలు విడిపోయి, వాటిలోని పదార్థాలు మళ్లీ కలిస్తే పుట్టేవాటిని ద్వితీయ ఖనిజాలు అంటారు. వివియనైట్ అటువంటిది. ఇది లోహపు గనులలో దొరుకుతుంది. గాలి చొరని తడి బంకమట్టిలోనూ పుడుతుంది. అక్కడ నీటిలో కరిగిన ఇనుము, పూడిపోయిన ఎముకలలోని ఫాస్ఫేట్‌తో కలుస్తుంది. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో 5,000 ఏళ్లకు పైబడిన ఒక మనిషి దేహం దొరికింది. అతనికి ఓట్సీ అని పేరు పెట్టారు. అతని చర్మంమీద కూడా ఈ నీలి స్ఫటికాలు కనిపించాయి!

1817లో వెర్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి ఈ పేరు పెట్టాడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌కు చెందిన జాన్ హెన్రీ వివియన్ పేరు అది. ఈ రాయి ఎంత మెత్తన అంటే, గోటితో గీస్తే గీత పడుతుంది.

ఇక రంగు సంగతి. అప్పుడే తవ్వి తీసిన స్ఫటికం గాజులాగా రంగు లేకుండా ఉండవచ్చు. వెలుతురు తగలగానే లోపలి ఇనుములో కొంత, ఎలక్ట్రాన్లను కోల్పోయి మరో రూపానికి మారుతుంది. రెండు రూపాల ఇనుము పక్కపక్కన ఉండడంవల్లనే నీలిమందు రంగు వస్తుంది. 17వ శతాబ్దంలో హాలండు చిత్రకారులు కొందరు ఈ పొడిని నీలిరంగుగా వాడారు. కాని మార్పు అంతటితో ఆగదు. స్ఫటికం నల్లబడుతుంది, పొరలుగా చీలుతుంది కూడా.

అందుకే మంచి స్ఫటికాలను చీకటి సొరుగులలో దాచుతారు. పాపం, దాచేవారికి చిక్కే! చూపిస్తే పాడవుతుంది, చూపకపోతే ఎవరికోసం దాచినట్టు? నన్నడిగితే, అప్పుడప్పుడు కొద్దిసేపు తెరవవలసిందే అంటాను. మీరు ఎప్పుడైనా ప్రదర్శనశాలలో వివియనైట్‌ను చూస్తే, దానిమీద దీపం ఎంత కాంతిగా వెలుగుతున్నదో కూడా చూడండి.