చంచలమైన పిల్లవాడు, జన్యు చికిత్స, మన బాధ్యత

 

ఇటీవల అసర్ నమాజు తరువాత ఒక తండ్రి నా వద్దకు వచ్చాడు. "హజ్రత్, పిల్లల జన్యువులనే సరిచేసే సూది వచ్చిందట. ముడిమ్యాలలో నాకున్న అర ఎకరం అమ్మితే దానికి సరిపోతుందా? అసలది జాయిజేనా?" అని అడిగాడు. అతని కుమారుడు ఒకచోట నిలువడు, మాట చివరి వరకు వినడు, టోపీ ఒకచోట, చెప్పులు మరొకచోట మరచి వస్తాడు. నగరంలోని వైద్యుడు పరీక్షించి దీనిని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పాడట.

ధర్మసమ్మతమా అన్నది ముందు చూద్దాం, అది సులభం. వ్యాధికి చికిత్స చేయించుకోవాలన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన. 1998లో మక్కాలో జరిగిన రాబితా ఫిఖ్హ్ అకాడమీ 15వ సమావేశం ఈ విషయాన్ని చర్చించింది. అంతకంటే పెద్ద హాని కలుగనప్పుడు వ్యాధి నివారణకు, చికిత్సకు జన్యుశాస్త్రాన్ని ఉపయోగించవచ్చునని, మనిషి వ్యక్తిత్వంతో ఆటలాడటానికి మాత్రం ఉపయోగించరాదని పండితులు తీర్మానించారు.

ఇక ఆ సూది సంగతి. తండ్రి విన్నది పూర్తిగా అబద్ధం కాదు. మన దారికి దగ్గరలోనే, రాజేంద్రనగర్ శివరాంపల్లిలో, తలసీమియా, సికిల్ సెల్ పిల్లలకు రక్తం ఎక్కించే సొసైటీ ఉన్నది. ఆ రెండు వ్యాధులకు జన్యు సవరణతో తయారైన క్యాస్‌జెవీ అనే చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ ఆమోదించింది, మరుసటి నెల అమెరికా సికిల్ సెల్‌కు ఆమోదించింది. రోగి రక్తపు మూలకణాలను బయటికి తీసి, ప్రయోగశాలలో సవరించి, తీవ్రమైన మందులతో మజ్జను ఖాళీ చేసి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అనగా 18 కోట్ల రూపాయలకు పైమాటే. అర ఎకరం కాదు, ఊరంతా అమ్మినా చాలదేమో!

అది సాధ్యమైంది ఎందుకు? ఆ వ్యాధులకు మూలం ఒకే జన్యువులోని లోపం. పైగా రక్తాన్ని శరీరం నుండి తీసి తిరిగి పెట్టవచ్చు. మెదడును అలా తీసి పెట్టలేము. ఏడీహెచ్‌డీ వంశంలో వచ్చే మాట నిజమే, కవలలపై జరిగిన పరిశోధనలు దానిని గట్టిగా చెప్పాయి. కాని ఒక్క జన్యువు దోషి కాదు. 2023లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం జన్యుపటంలో దీనికి సంబంధించిన 27 చోట్లను గుర్తించింది. మొత్తం మీద చిన్న చిన్న తేడాలు వేల సంఖ్యలో ఉంటాయని అంచనా వేసింది. వాటిలో చాలా వరకు ఇతర మానసిక సమస్యలతోనూ ముడిపడి ఉన్నాయి. తూము పూడి నీరు ఆగితే తూము తీస్తాం. నేల, విత్తనం, వాన, ఎండ అన్నీ తలా కొంచెం తేడా చేసి పంట తగ్గితే ఏ తూము తీస్తాం? కాబట్టి ఏడీహెచ్‌డీకి జన్యు సవరణ చికిత్స నేడు ఎక్కడా లేదు. ఉందని ఎవరైనా బయానా అడిగితే ఇవ్వకండి. తావీజుకు వేలు అడిగేవానికీ ఇదే జవాబు.

ఉన్నది వేరే ఉన్నది. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. వైద్యుని పర్యవేక్షణలో అవి చాలామంది పిల్లలకు మేలు చేస్తాయి. మరీ చిన్నపిల్లలకైతే ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను చూస్తాయి. వారు చూసే సమస్యల జాబితాలో ఇదీ ఉన్నది. అయితే బడి మానిపించి హిఫ్జ్‌లో కూర్చోబెట్టిన పిల్లవాడు వారి కంట పడడు. అతనిని చేవెళ్ల ఆసుపత్రికి మనమే తీసుకొనిపోవాలి.

సోదరులారా, ఒక మాట దాచకుండా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను పాఠం చెప్పిన ఒక మక్తబ్‌లో ఇటువంటి పిల్లవాడే ఉండేవాడు. మూడు ఆయత్‌లు చెప్పేలోగా నాలుగుసార్లు లేచేవాడు. అది అహంకారమని తలచి బెత్తంతో కొట్టాను. అతడు కదలకుండా కూర్చోవటం నేర్చుకోలేదు, ఖుర్ఆన్ పుస్తకం చూస్తే భయపడటం నేర్చుకున్నాడు. ఒకనాడు రావటం మానివేశాడు. అతనిని క్షమాపణ అడుగుదామని తరువాత వెదికాను. కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. సంతానం అమానత్ అని మింబర్ మీద ఎన్నిసార్లు చెప్పానో! ఆ అమానత్ నా చేతిలోనే చెడింది.

అందుచేత నన్ను అడిగిన ఆ తండ్రికి, పొలం అమ్మవద్దని, పిల్లవానిని రేపటి నుండి నా దగ్గరకు పంపమని చెప్పాను. అతడు ముందు వరుసలో, కిటికీకి దూరంగా కూర్చుంటాడు. ఐదు వాక్యాలకు ఒకసారి లేచి కుండలోని నీళ్లు అందరికీ పోసి వస్తాడు. ఒకేసారి ఒకే పని చెబుతాము. మందు ఎప్పుడు వేయాలన్నది వైద్యుడు చెబుతాడు, వేళకు వేసే పని తల్లిది, తండ్రిది. మక్తబ్‌లోని బెత్తాన్ని ఈ ఉదయమే తీసివేశాను.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకొనే నమాజు చేయించారన్నది మీరందరూ విన్నదే. ఇప్పుడు సఫ్‌లు సరిచేసుకుంటాము. ఆ పిల్లవాడు ఈ రోజు మూడవ సఫ్‌లో, తండ్రి ప్రక్కన ఉన్నాడు. అటూ ఇటూ కదులుతాడు. ఎవరూ అతని చెవి పట్టుకొని వెనుకకు పంపవద్దు.