కన్‌స్ట్రక్షన్‌లో మంచి జాబ్స్ ఎక్కడున్నాయి? డబ్బు కట్టకుండా వెతికే దారులు

లాస్ట్ వీడియో కింద ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, సివిల్ చేశాను, జాబ్ ఎక్కడ వెతకాలి?" ఒక తమ్ముడైతే, సైట్ ఇంజనీర్ జాబ్ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ 40 వేలు అడుగుతోంది, ఇంట్లో అప్పు తెచ్చి కట్టమంటారా అని రాశాడు. వద్దు తమ్ముడూ. జాబ్ ఇచ్చే కంపెనీ మనకి జీతం ఇస్తుంది, మన దగ్గర డబ్బు తీసుకోదు. మరి ఏం చెయ్యాలో ఇప్పుడు చూద్దాం.

ముందు ఒక తేడా తెలియాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేస్తే చాలు, కాల్స్ వచ్చేవి. కన్‌స్ట్రక్షన్‌లో జాబ్ ప్రాజెక్టుతో పాటు పుడుతుంది. కొత్త సైట్ మొదలైతే సైట్ ఇంజనీర్, బిల్లింగ్, క్వాలిటీ, సేఫ్టీ, స్టోర్స్, అన్నింటికీ మనుషులు కావాలి. ఆ కబురు చాలాసార్లు జాబ్ పోర్టల్ దాకా రాదు. ప్రాజెక్ట్ మేనేజర్ తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తాడు, పోస్ట్ నిండిపోతుంది. అందుకే ముందు ప్రాజెక్టుని వెతకండి, జాబ్ అక్కడ దొరుకుతుంది.

ఎలా వెతకాలి? ఫోన్‌లో రెరా వెబ్‌సైట్ ఓపెన్ చెయ్యండి. తెలంగాణకి ఒకటి, ఆంధ్రాకి ఒకటి ఉన్నాయి. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, చిన్నచిన్నవి తప్ప మిగతా ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మాలంటే ముందు రిజిస్టర్ చెయ్యాలి. బిల్డర్ ఎవరు, కాంట్రాక్టర్ ఎవరు, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఎవరు, ఎప్పటికి పూర్తి చెయ్యాలి, ఈ వివరాలన్నీ ఇవ్వాలి. ఫ్లాట్ కొనేవాళ్ల కోసం పెట్టిన సైట్ అది. మనకి మాత్రం అది జాబ్స్ లిస్టే! పూర్తి చేసే తేదీకి ఇంకా రెండు మూడేళ్లు ఉంటే స్ట్రక్చర్ పని చాలా మిగిలి ఉన్నట్టు, సైట్ ఇంజనీర్లు కావాలి. తేదీ దగ్గరపడితే ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఫినిషింగ్ వాళ్లకి పని ఎక్కువ.

రోడ్లు, బ్రిడ్జిలు, ప్రాజెక్టులు లాంటి గవర్నమెంట్ పనులకి ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ చూడండి. టెండర్ ఎవరికి వచ్చిందో తెలిస్తే ఆ కంపెనీ కెరీర్స్ పేజీకి వెళ్లండి. మేఘా, ఎన్‌సీసీ లాంటి పెద్ద కంపెనీల హెడ్ ఆఫీసులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడ రాకపోతే వాళ్ల కింద పనిచేసే సబ్ కాంట్రాక్టర్‌ని పట్టుకోండి. జీతం తక్కువ కావచ్చు, కానీ ఒకే మనిషి లెవెల్స్ నుంచి బిల్లు దాకా అన్నీ చూడాల్సి వస్తుంది కాబట్టి పని త్వరగా వస్తుంది. చేరేముందు అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్, రూమ్, భోజనం గురించి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

సైట్‌కి నేరుగా వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. స్లాబ్ వేసే రోజు మాత్రం వద్దు, ఎవరికీ తల ఎత్తే టైమ్ ఉండదు. ఒక పేజీ రెజ్యూమే చాలు. కానీ డ్రాయింగ్ చూసి బార్ బెండింగ్ షెడ్యూల్ రాయడం, ఆటో లెవెల్ రీడింగ్ తియ్యడం వచ్చి ఉండాలి. మొదటి ఐదు నిమిషాల్లో అడిగేవి అవే.

అవి రావా? హైదరాబాద్ మాదాపూర్‌లో న్యాక్ ఉంది, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్. ఇంజనీర్లకీ, తాపీ పని, ప్లంబింగ్, వైరింగ్ నేర్చుకునేవాళ్లకీ అక్కడ ట్రైనింగ్ ఉంటుంది. డిప్లొమా, బీటెక్ అయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్ చూడండి, స్టైపెండ్ వస్తుంది, ఎక్స్‌పీరియన్స్ కూడా.

ఇక గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు బాగా వినండి. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయినా తీసుకోవాల్సిన సర్వీస్ చార్జీ 30 వేలు, దానిపైన జీఎస్టీ, అంతే. లక్షల్లో అడిగితే అక్కడే ఆగిపోండి. విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక మారుస్తాం అంటే అస్సలు ఒప్పుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్, ఆంధ్రాకి ఓంక్యాప్ అని సొంత సంస్థలే ఉన్నాయి, ముందు అక్కడ అడగండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. రెరాలో మీ ఊరికి దగ్గర్లో ఉన్న పది ప్రాజెక్టులు రాసుకోండి, ఐదు సైట్లకి వెళ్లి రండి. ఏమన్నారో కామెంట్‌లో పెట్టండి, నేను చదువుతాను. ఏజెంట్‌కి డబ్బు కట్టబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, కట్టకముందే ఈ వీడియో పంపండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. బై!