వార్ధక్యమున ఆత్మవిశ్వాసము



ముదిమి రాగానే మనుష్యుడు పోగొట్టుకొనునది దేహబలమొక్కటే కాదు. తనపై తనకు గల నమ్మకమును పోగొట్టుకొనును. "ఈ వయస్సున చేతనగునదేమున్నది?" అన్ననాడే మందువేళ కొడుకు చేతికి, పథ్యము కోడలి చేతికి పోవును. బ్రతుకుతెరువునకై బిడ్డలు వలసపోయిన పాలమూరు సీమలో, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పల్లెలలోని యెన్నో యిండ్లలో ఆ చేతులును దగ్గర నుండవు.

భారతమున యయాతి ముసలితనమునకు వెరచి, కుమారుడైన పూరుని యౌవనమును ఎరవు తీసికొనెను. ఎంతకాలము అనుభవించినను తృప్తి కానరాక తిరిగి యిచ్చివేసెను. అంపశయ్యపై నున్న భీష్ముడట్లు చేయలేదు. బాధచే మాట రాకున్నదని శ్రీకృష్ణునితో దాచక చెప్పెను. బాధ తీరిన పిదప ధర్మరాజునకు ధర్మములన్నియు బోధించెను. బాధ చెప్పుకొనుట బేలతనము కాదు. మిగిలిన శక్తిని నిలుపుకొను ఉపాయము.

ధైర్యము ఉపన్యాసములచే రాదు. చిన్న పనిని స్వయముగా నెరవేర్చుటయే దానికి ముఖ్యమైన మూలమనియు, తోటివారిని చూచుట, మంచిమాట వినుట తోడ్పడుననియు అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించెను. కావున పెద్దలు జమాఖర్చు వ్రాసినట్లే ఒక చిన్న పుస్తకమున రక్తపోటు, చక్కెర, మాత్రలు, నడక వ్రాసికొనవలెను. వైద్యుని యెదుట ఆ పుస్తకమే సాక్షి. వారమునకు 150 నిమిషములైన చురుకుగా నడువవలెననియు, పడిపోకుండుటకు వారమున 3 దినములు నిలుకడ నిచ్చు వ్యాయామము చేయవలెననియు, దినమునకు ఉప్పు 5 గ్రాములకు లోబడవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక్కసారిగా కానిచో పది నిమిషములతో మొదలిడవచ్చును. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి గలవారు వైద్యుని అడిగి మొదలిడుట మేలు.

మనస్సునకును వైద్యము గలదు. రెండు వారములకు మించి దిగులు, నిద్రలేమి, దేనియందును ఆసక్తి లేమి యున్నచో "ముసలితనమే కదా" యని సరిపెట్టుకొనరాదు. అది నయము కాదగిన వ్యాధి కావచ్చును. 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలీమానస్ వారు తెలుగున మాటలాడుదురు, రుసుము లేదు.

ఆలంపురపు శాసనములను, ఆలయములను జీవితమెల్ల పరిశోధించిన గడియారం రామకృష్ణశర్మగారు 1919లో జన్మించిరి. ఎనుబదియేండ్లు దాటిన పిదప వారి ఆత్మకథ 'శతపత్రము' వెలువడెను. 2006లో వారు గతింపగా, 2007లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. పనిగల మనస్సునకు వయస్సు అడ్డు కాదనుటకు ఈ సీమయందే యింతకంటె నిదర్శన మేల?

సాయంకాలము పదిమంది పెద్దలు గ్రంథాలయమునకు నడచివచ్చి, చూపుగలవాడు చదువగా తక్కినవారు వినిన చాలును. అందు నడకయు గలదు, తోడును గలదు. రాని స్నేహితునికై మరునాడు ఇంటికి పోయి విచారించు ఆచారము కూడ పెట్టుకొన్నచో, ఈ గ్రంథాలయము గ్రామమునకు రెండవ వైద్యశాల యగును.