వీణకు మారు పికప్పు



భావనపాడున మా యిల్లు సముద్రమునకు మిక్కిలి చేరువ. పగలు పడవల సందడి, రాత్రి అలల హోరు. అట్టి చోట వీణ వాయించువారి కష్టము మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సన్నాయి పొలిమేర దాటి వినబడును. డప్పును ప్రక్క ఊరివారును విందురు. వీణ నాదము మాత్రము, గాలి సముద్రము వైపునుండి వీచు వేళ, అరుగుమీద కూర్చున్నవానిని దాటి పోదు. ఆ చిన్న గొంతును పెద్ద సభకు వినిపించుటకై ఇప్పటివారు వాద్యమునకు తగిలించు సాధనమును పికప్పు అందురు. అది చెడినపుడు దాని స్థానమున మఱియొకదానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఆ ఎన్నికలో నేనెట్లు పొరపడితినో, నేడు మీకు విన్నవింతును.

వీణ నాది కాదు, మా అప్పది. బొబ్బిలి వీణ. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్న సంగతి మీలో పలువు రెఱుగుదురు. కుండ, దండి ఒకే పనసమ్రానునుండి తొలిచిన దానిని ఏకాండి యందురు. మా అప్పది అట్టి ఏకాండి. ఆమె పోయిన పిమ్మట అది ఆమె మనుమరాలి చేతికి వచ్చినది. ఆ పిల్లకు అప్పటికి పండ్రెండేండ్లు. రామమందిరములో వాయించునపుడు నలుగురికి వినబడవలెనని మా అప్ప చాల యేండ్ల క్రిందటనే ఒక రేడియో మెకానిక్కుచేత దానికి పికప్పు పెట్టించుకొన్నది. ఆ మెకానిక్కు ఇప్పుడు లేడు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినది. మా యింటి పెంకులు లేచిపోయినవి. వీణను గొంగళిలో చుట్టి మంచము క్రింద పెట్టుటచేత మ్రాను దక్కినది, కాని తడి తప్పలేదు. కొన్ని దినములకు దీపములు వెలిగిన తరువాత వీణను స్పీకరునకు కలుపగా చిటచిటమని రెండు మాటలు పలికి ఊరకుండెను. పికప్పు పోయినదని తెలిసినది.

ఇక్కడనే నేను తప్పితిని. గుఱ్ఱము ప్రక్కన, నల్లని గుడ్డపట్టీ క్రింద దాగియున్న పాత సాధనమును విప్పి చూడనైన చూడలేదు. పట్టణములో ఒక దుకాణమునకు పోయి, "తీగల వాద్యమునకు మంచి పికప్పు కావలెను" అంటిని. వారు గిటారునకు వేయుదానిని ఇచ్చిరి. వెల హెచ్చుగా నున్నది గనుక మేలైనదే యనుకొంటిని. తెచ్చి, చిన్న చెక్కముక్కపై నిలిపి, తీగల క్రింద అమర్చితిని.

సంక్రాంతినాటి సాయంకాలము రామమందిరము ముందర పిల్ల వాయించుటకు కూర్చున్నది. సారణి, పంచమము గంటలవలె మ్రోగినవి. మంద్రమునకు దిగగానే స్పీకరు మూగవోయినది. పిల్ల మఱల మీటినది. ఏమియు లేదు. అనుమంద్రమును అంతే. రాగము మెట్లు దిగుచు దిగుచు నడుమ గోతిలో పడినట్లయ్యెను. ప్రక్కన కూర్చున్న మా బావ, "పిల్ల మఱచిపోయినదా?" అని నన్నడిగెను. పిల్ల ఆ మాట విన్నది. ఆమె మఱువలేదు, వ్రేళ్లు సరిగానే నడచుచుండెను. అయినను సభలో సగము మంది అట్లే తలచిరి. తరువాత పది దినములు ఆమె వీణ ముట్టలేదు. నాకు ఈ విషయము నేర్చుకొనవలెనను పట్టుదల కలిగినది అందువలననే కాని, యంత్రములపై మోజుచేత కాదు.

నేర్చుకొన్నది ఇది. ఆ గిటారు పికప్పులో ఒక అయస్కాంతము, దాని చుట్టు వెండ్రుకవంటి రాగితీగ వేల చుట్లు ఉండును. పైనున్న ఉక్కు తంత్రి కదలినపుడు అయస్కాంత క్షేత్రము కదలును. ఆ కదలికచేత రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ధర్మమిదియే. అయితే అయస్కాంతము ఉక్కునే యెఱుగును, ఇత్తడి నెఱుగదు. మా అప్ప వీణకు సారణి, పంచమము ఉక్కువి. ప్రక్కనుండు మూడు తాళతంత్రులును ఉక్కువే. మంద్ర, అనుమంద్రములు ఇత్తడివి. ఇక ఆ రెండును ఎట్లు పలుకును? మీ యిండ్లలో ఇట్టి ప్రయత్నమెవరైన చేయుదురేని, కొనుటకు ముందు ఒక చిన్న అయస్కాంతపు ముక్కను ఒక్కొక్క తీగకు తాకించి చూడుడు. అంటుకొనని తీగను ఆ పికప్పు వినజాలదు. కానీ ఖర్చు లేని పరీక్ష. నేను చేయలేదు.

ఈ జాతి పికప్పు ఏ వాద్యమునకై పుట్టినదో తెలిసికొన్నపుడు నాకు ఆశ్చర్యము కలిగినది. హవాయి దీవులలో గిటారును ఒడిలో వెల్లకిల పెట్టుకొని, ఎడమచేత ఉక్కుకడ్డీని తంత్రులపై జార్చుచు వాయింతురు. మన గోటువాద్యము తెలిసినవారికి ఆ రీతి క్రొత్త కాదు. ఆ వాద్యము కొఱకే అమెరికాలో 1930 తరువాతి యేండ్లలో మొదటి విద్యుత్ గిటారు వచ్చినది. దాని రూపమునుబట్టి "వేపుడు పెనము" అని ముద్దుపేరు పెట్టిరి. క్రమముగా దానికి కాళ్లు, పెడళ్లు వచ్చినవి. పెడలు త్రొక్కినచో కొన్ని తంత్రులు బిగిసి స్వరము మారును. ఇదియే పెడల్ స్టీల్ గిటారు. సాధారణముగా పది తంత్రులు, అన్నియు అయస్కాంతమునకు లోబడునవే. దానికి కుండ లేదు, బుఱ్ఱ లేదు. పికప్పు తప్ప వేఱు గొంతు లేదు. కనుకనే దానిని వాయించువారు పికప్పు మార్చునపుడు మనము ఎద్దును కొనునపుడు పండ్లు చూచినట్లు చూతురు. వారి పరీక్షలు కొన్ని మనకును పనికివచ్చును.

వారు మొదట కొలుచునది తంత్రుల వెడల్పు. మొదటి తీగనుండి కడపటి తీగవఱకు ఎంత దూరమో పికప్పు కూడ అంత దూరము పరచుకొని యుండవలెను. ఆరు తీగల గిటారుదానిని పది తీగల వాద్యము క్రింద పెట్టిన అంచు తీగలు బలహీనమగును. తరువాత మీటరు పెట్టి ఓములు చూతురు. సామాన్య గిటారు చుట్ట ఆఱేడు వేల ఓములు చూపును. పెడల్ స్టీలునకు పదునైదు, ఇరువది వేలవి కూడ వాడుదురు. చుట్లు హెచ్చిన కొలది ధ్వని బలము హెచ్చును, కాని తీగ కొసన మెఱయు తళుకు తగ్గును. పైగా సన్నని రాగితీగ వాడినను ఓములు పెరుగును. కావున అంకె పెద్దదైనంతమాత్రమున నాదము పెద్దదని నమ్మరాదు. నాకు అమ్మినవారు ఆ అంకెనే పొగడిరి.

దీపపు తీగలనుండి వచ్చు జుమ్మను రొద మఱియొకటి. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 మాఱులు ఊగును. ఒంటిచుట్ట దానిని కూడ పట్టి వినిపించును. ఎదురెదురుగా చుట్టిన రెండు చుట్టలను, తారుమారైన ధ్రువములతో ప్రక్కప్రక్కన ఉంచిన రొద రెంటిలో ఎదురై నశించును, తంత్రి నాదము మాత్రము కూడుకొనును. 1955లో సెత్ లవర్ అను ఆయన గిబ్సన్ సంస్థలో నుండగా ఈ జంటచుట్టను గిటారులకై రూపొందించెను. పందిళ్లలో వేలాడు దీపముల క్రింద వాయించువారికి జంటచుట్టయే మేలు.

వీణకు మాత్రమే చెందిన చిక్కు వేఱొకటి కలదు. స్టీల్ గిటారులో కడ్డీ జారును, తంత్రి ప్రక్కకు పోదు. మన గమకములున్నవే, వానిలో పెక్కు తంత్రిని ప్రక్కకు లాగినగాని రావు. పికప్పులో తంత్రికొక మేకు చొప్పున విడివిడిగా అయస్కాంతములున్నచో, లాగిన తంత్రి తన మేకునుండి తొలగి ధ్వని సన్నగిల్లును. గమకము నిండవలసిన చోటనే క్షీణించును! కావున అయస్కాంతపు పికప్పే కావలెనన్నవారు మేకులున్నదానిని విడిచి, తీగలన్నిటి క్రింద ఒకే పట్టీగా సాగినదానిని ఎన్నుకొనవలెను. దానిని గుఱ్ఱమునకు దగ్గఱగా నుంచవలెను, అచ్చట తంత్రి తొలగుట తక్కువ. మఱీ దగ్గఱైన పలుకు పదునెక్కి గీరుకొనును. వ్రేలెడు దూరము ఇటు అటు జరిపి చెవితో తేల్చుకొనవలసినదే.

ఇత్తడి తీగలు తీసి, ఉక్కు నడుమ గల చుట్టుతీగలు వేసికొమ్మని నాకు సలహా ఇచ్చినవారున్నారు. అది పని చేయును, కాదనను. కాని మా అప్ప అనుమంద్రపు పలుకు ఇత్తడి పలుకు. దానిని మార్చుకొని, అదే వీణ యని పిల్లకు ఎట్లు చెప్పుదును?

అప్పుడు గదా నాకు పాతదానిని విప్పవలెనను బుద్ధి పుట్టినది! గుడ్డపట్టీ ఊడదీయగా అయస్కాంతమును లేదు, రాగిచుట్టయు లేదు. రూపాయిబిళ్లంత ఇత్తడిరేకు, దానిపై తెల్లని పింగాణివంటి పూత, రెండు సన్నతీగలు. అతుకుల వద్ద పచ్చని చిలుము. నౌపడ ఉప్పుమళ్లు మా ప్రాంతమునకు కూడు పెట్టుచున్నవి, ఆ ఉప్పుగాలియే రాగిని తినుచున్నది. ఆ బిళ్ల చేయు పని వేఱు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఈ బిళ్లయు ఆ ధర్మము కలదే. అది తంత్రిని చూడదు, కఱ్ఱ అదురును వినును. ఉక్కైన నేమి, ఇత్తడియైన నేమి, దానికి భేదము లేదు. ఆ మెకానిక్కు తెలిసియే పెట్టినాడు.

దీనికి దోషములు లేకపోలేదు. వ్రేలి రాపిడి, గాజుల చప్పుడు, గోరు తగులుట, అన్నియు వినును. తిన్నగా పెద్ద ఆంప్లిఫయరునకు కలిపిన రేకుడబ్బా పలుకు పలుకును. నడుమ దీనికి తగిన చిన్న ఆంప్లిఫయరు ఒకటి ఉండవలెను. స్పీకరు వీణవైపు తిరిగియున్న, ఆ ధ్వని కుండను కదల్చి, బిళ్ల దానిని మఱల పట్టి, కీచుమని కూయును. స్పీకరును వాయించువారికి ముందుగా, జనమువైపు త్రిప్పి పెట్టవలెను.

బిళ్లను ఎక్కడ ఉంచవలెనో అడుగుటకు గొల్లపల్లి పోయితిని. అచ్చటి పనివాడొకడు వీణను ఒడిలో పెట్టుకొని వ్రేలితో తట్టి చూచి, "మేకు కొట్టకండి బాబూ, చిల్లు పెట్టకండి. మైనంతో అంటించండి. మెట్లు మైనం మీదనే కదా నిలబడుతున్నాయి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చినది. అంటించినది నచ్చకున్న ఊడదీయవచ్చును, చిల్లు పూడదు. ఇంటికి వచ్చి మూడు చోట్ల ప్రయత్నించితిమి. కుండ నడుమ పెట్టిన గుభగుభలాడినది. గుఱ్ఱమునకు ఆనించి పెట్టిన గోరుదెబ్బలే వినబడినవి. గుఱ్ఱమునకు రెండంగుళముల ఇవతల, మంద్రతంత్రుల ప్రక్కకు జరిపినపుడు పిల్ల తల యెత్తి నావైపు చూచినది. అక్కడనే ఉంచితిమి. అతుకులకు లక్కపూత పూసితిమి. వాయించని దినములలో వీణపెట్టెలో తేమ పీల్చు పొట్లమొకటి వేయుచున్నాము.

విద్యుత్తు సోకిన సంగీతము చెడునని మనలో కొందఱి అభిప్రాయము. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంటతీగల పాశ్చాత్య వాద్యమును విడిచి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలినుపై కర్ణాటక గమకములు పలికించెను. 2014లో ఆయన పోవువఱకు ఆ వాద్యమునకు సభలు నిండినవి. ఆ మాటపై నాకు వాదము లేదు.

2019 శ్రీరామనవమినాడు పిల్ల మఱల అదే చోట కూర్చున్నది. మొదట స్పీకరు ఒకసారి కూసినది, ధ్వని కొంచెము తగ్గించితిని. ఆమె సారణినుండి దిగుచు మంద్రము దాటి అనుమంద్రము మీటినది. మా బావకు ఇప్పుడు చెవులు బాగుగా వినబడవు. స్పీకరు ప్రక్కననే కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. ఆ తీగ మ్రోగగానే చేయి మోకాలిపై వేసి తాళము మొదలుపెట్టి, నావైపు తిరిగి, "ఇది మీ అప్ప తీగ" అనెను.