రంగు, వెలుతురు, సూక్ష్మజీవి

ఉగాదికో పెండ్లికో కొత్తబట్ట కట్టుకొనుటకు ముందు దాని అంచుకు పసుపు పెట్టుట మన ఇండ్లలో వాడుక. ఆ బట్టను ఉతికినప్పుడు జరుగు చిన్న వింతను గృహిణులందరు ఎరుగుదురు. ఆ మరక సబ్బు తగిలినంతనే ఎర్రబడును. ఎంత రుద్దినను పూర్తిగా పోదు. కాని బట్టను మిట్టమధ్యాహ్నపుటెండలో కొన్ని గంటలు ఆరవేసినచో మరక వెలవెలబోవును. నీడలో ఆరవేసిన బట్టపై అది చాలకాలము నిలిచియుండును. సబ్బు చేయలేని పనిని వెలుతురు చేసినదన్నమాట.

శ్రీకాళహస్తిలో కలంకారీ అద్దకము చేయువారికి రంగునకును ఎండకును గల ఈ సంబంధమును వేరే చెప్పనక్కరలేదు. గుడ్డకు పటిక నీరు పూయుట, రంగుచెక్కలతో ఉడికించుట, పారు నీటిలో జాడించుట, ఎండలో ఆరబెట్టుట: వారి శ్రమలో పెద్దపాలు నీటితోను ఎండతోను కూడినదే. ఏ రంగు నిలుచునో, ఏ రంగు వెలియునో తరతరములుగా కంటితో చూచి తెలిసికొన్నవారు వారు.

రంగు ఎందుకు వెలియును? రంగు అనగా కాంతిని మింగు పదార్థము. పసుపు నీలికాంతిని మింగును. మిగిలిన కాంతి మన కంటికి పసుపుపచ్చగా తోచును. మింగిన కాంతి ఊరక పోదు. ఆ శక్తితో రంగు అణువు రెచ్చిపోవును. రెచ్చిన అణువు తన శక్తిని ప్రక్కనున్న ప్రాణవాయువునకు అప్పగించి తాను చల్లబడును. సాధారణముగా నెమ్మదియైన ప్రాణవాయువు అప్పుడు ఉగ్రమై, అందుబాటులోనున్న దానినెల్ల దహించును. అందులో రంగు అణువు కూడ చేరవచ్చును. బట్టలు వెలియుటకు గల కారణములలో ఇది యొకటి. ఆ చోటనే ఒక సూక్ష్మజీవి యున్నచో అదియు చచ్చును. నేటి ప్రసంగమునకు విషయము అదియే.

ఈ సంగతి మొదట తెలిసినది జర్మనీలోని మ్యూనిక్ నగరమున. 1897-98 శీతకాలములో ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి, హెర్మన్ ఫాన్ టాపైనర్ అను ఆచార్యుని ప్రయోగశాలలో, అక్రిడీన్ అను రసాయనము నీటిలోని పెరమీసియము అను ఏకకణజీవులను ఎంతసేపటిలో చంపునో లెక్కించుచుండెను. లెక్కలు కుదరలేదు. ఒకనాడు త్వరగా చచ్చిన ప్రాణులు, మబ్బు కమ్మి ఉరుములు ఉరిమిన మరియొకనాడు చాలసేపు బ్రతికినవి. మందు అదే, మోతాదు అదే. మారినది కిటికీలోనుండి వచ్చు వెలుతురు మాత్రమే! మరియొకరైనచో ఆ నాటి లెక్కను చెరిపివేసి మరల మొదలుపెట్టియుందురు. రాబ్ అట్లు చేయక, చీకటిలో ఉంచి చూచినాడు, వెలుగులో ఉంచి చూచినాడు. అంత కొద్ది మోతాదులో మందు ఒక్కటియే ఆ ప్రాణులను అంత త్వరగా చంపలేదు. వెలుతురు ఒక్కటియే చంపలేదు. రెండును కలిసి చంపినవి. 1900లో ఆ ఫలితము అచ్చయినది. ప్రాణవాయువు లేనిదే ఈ సంహారము జరుగదని పిమ్మట కొలది యేండ్లలో ఆ ప్రయోగశాలవారే కనుగొన్నారు.

ఈ పనికి నేడు ఎక్కువగా వాడు రంగులలో మెథిలీన్ బ్లూ ఒకటి. దీనిని 1876లో హైన్రిఖ్ కారో అను రసాయనశాస్త్రజ్ఞుడు నూలు అద్దకమునకై తయారుచేసెను. 1891లో పాల్ ఎర్లిఖ్ దానిని మలేరియా రోగులకు ఇచ్చి చూచెను. కళాశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారికెల్ల ఈ నీలిచుక్క పరిచితమే. ఇది ఎర్రని కాంతిని మింగును. కావుననే నీలముగా కనబడును. బాక్టీరియా కనబడుటకై వేసిన రంగే, ఎర్రదీపము చూపినచో ఆ బాక్టీరియాను చంపును!

ఇంత మంచి ఉపాయము ఇంతకాలము ఏల మూలబడియుండెను? పెన్సిలిన్ వచ్చినది. 1948లో, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వము వహించుచున్న అమెరికా సంస్థనుండి ఆరియోమైసిన్ వెలువడినది. మాత్రతో నయమగుచుండగా దీపములతో ఎవరికి పని?

ఆ మాత్రలను మనము పొదుపుగా వాడుకొనలేదు. ఈ ప్రసంగము వ్రాయుచు మా యింటి అలమర వెదకగా, సగము వాడి విడిచిన మాత్రల అట్టలు రెండు దొరికినవి. ఇతరులను తప్పుపట్టు అర్హత నాకు లేదు. ఇక పరిశ్రమల మాట. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞులు, లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని 2007లో ప్రకటించిరి. ఆ మందు వాడుచున్న రోగి రక్తములో ఉండుదానికంటె అది ఎక్కువ! అట్టి నీటిలో బ్రతుక నేర్చిన బాక్టీరియాకు ఆసుపత్రిలోని మందు ఒక లెక్కయా?

యాంటీబయాటిక్ ఒక తాళమునకు సరిపడు తాళపుచెవి వంటిది. బాక్టీరియా తాళము మార్చుకొన్నచో చెవి పనికిరాదు. ఉగ్రమైన ప్రాణవాయువునకు ఒక తాళమని లేదు. పొర, మాంసకృత్తులు, వంశబీజము, ఏది అందినచో దానిని కాల్చును. ఆయువు మాత్రము సెకనులో పదిలక్షవ వంతులు కొన్నియే. కనుక రంగు అంటిన చోటు దాటి దూరము పోదు. మందులకు లొంగని బాక్టీరియాయు దీనికి లొంగుచున్నది. దీనిని తట్టుకొను బాక్టీరియా ప్రయోగశాలలలో సులభముగా పుట్టుకొని రాలేదు. ఎన్నడును పుట్టదని మాత్రము నేను చెప్పను.

దంతవైద్యులు చిగుళ్ల సందులలో నీలిరంగు నింపి, సన్నని ఎర్రకాంతిని ప్రసరింపజేయుట కొన్ని దేశములలో వాడుకలోనికి వచ్చినది. కెనడాలోని వాంకూవర్ నగరపు ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు రోగి ముక్కుపుటములకు ఈ రంగు పూసి కాంతి చూపుటయు, దానితోపాటు మందుగుడ్డతో ఒడలు తుడుచుటయు ప్రారంభింపగా, కోతగాయములు చీముపట్టుట తగ్గినదని 2014లో ప్రకటించిరి. మధుమేహరోగుల కాలిపుండ్లపైనను పరీక్షలు జరుగుచున్నవి. చిన్న పుండు ముదిరి పాదమునకే మోసము తెచ్చిన ఇండ్లు మన జిల్లాలలో కొన్నికావు. వారికి ఈ పరీక్షల ఫలితము ఎంతటి విషయమో చెప్పవలసిన పనిలేదు.

కాని వెలుతురు పోలేని చోట ఈ ఉపాయము సాగదు. ఎర్రని కాంతి కండలోనికి కొన్ని మిల్లీమీటర్లే చొరబడి పనిచేయును. రక్తములో వ్యాపించిన టైఫాయిడ్‌కు, ఊపిరితిత్తుల లోతున దాగిన క్షయకు మాత్రలే గతి. ఆ మాత్రలు పనిచేయవలెనన్నచో, పైపై పుండ్లకు వాటిని ఖర్చు పెట్టకుండుట మేలు. ఈ పద్ధతి విలువ నాకు ముఖ్యముగా అక్కడనే కనబడుచున్నది.

పసుపును గూర్చి మొదలుపెట్టితిని కనుక ఒక హెచ్చరిక. పసుపులోని కర్క్యుమిన్ నీలికాంతిలో బాక్టీరియాను చంపుట నిజమే. అంతమాత్రమున పుండుపై వంటింటి పసుపు మెత్తి ఎండలో కూర్చుండుట వైద్యము కాదు. ఆ పసుపు నీటిలో కరగుటయే అరుదు. దానిలోనే సూక్ష్మజీవులు ఉండవచ్చును. మెథిలీన్ బ్లూ కూడ వైద్యుని చేతిలో ఉండవలసినదే. పుట్టుకతో ఒకానొక ఎంజైము కొరతగల వారికి అది లోపలికి పోయినచో రక్తకణములు చితికిపోవును.

ఆరియోమైసిన్ వంశమునకు చెందిన డాక్సీసైక్లిన్ నేటికిని విరివిగా వాడుచున్న మందు. అది వాడు దినములలో ఎండలో తిరుగవద్దని వైద్యులు చెప్పుదురు. ఆ మందు కూడ సూర్యకాంతిని మింగి రెచ్చునదే. అప్పుడు కమలునది బాక్టీరియా కాదు, మన చర్మము. తిరుపతి ఎండలో మధ్యాహ్నము బయటికి పోవలసియున్నచో గొడుగు తీసికొనిపొండు.